డోలరెస్ ఆంటీ బుల్లా

అది మా అమ్మమ్మ బాపట్లలో చేసే బెల్లం రొట్టె అని అమెరికాలో మా హార్ట్‌ఫర్డ్ తెలుగు చర్చిలో ఎవరు చెప్పినా నమ్మకండి. మా అమ్మమ్మ ఓవెన్ మొహం కూడా చూడలేదు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల హాల్లో అమ్మ చేసి తెచ్చిన పళ్ళెం మీది రేకు మూత తియ్యగానే అల్లం, జాజికాయ, కాలిన బెల్లం వాసన గుప్పుమంది. పక్కనున్న సుజాత ఆంటీ, ఇది మీ అమ్మమ్మ చేతి రుచి, తెలుసా అని నాకే పాఠం చెప్పింది. కాదు ఆంటీ, జమైకా రుచి అన్నాను. ఆవిడ నవ్వి ఇంకో ముక్క తీసుకుంది.

దాని పేరు బుల్లా. మాకది మొదట చేసిపెట్టింది నా చిన్నప్పుడు మా కింది వాటాలో ఉన్న జమైకావిడ, డోలరెస్ ఆంటీ. అమ్మా ఆవిడా ఒకే ఆసుపత్రిలో నర్సులు, అమ్మది డే షిఫ్టు, ఆవిడది నైటు. వీసా రాక నాన్న అప్పటికింకా బాపట్లలోనే ఉన్నాడు, అందుకని స్కూల్ బస్సు దిగినప్పటినుంచీ నేను ఆవిడ పిల్లనే. చలికాలంలో మంచు బూట్లు గుమ్మంలో వదిలి, తడి సాక్సులు రేడియేటర్ మీద ఆరేసి కూర్చుంటే, ఆవిడ నల్లటి చెరకుపాకంలో అల్లం తురిమి, దాల్చినచెక్క పొడి కలిపి, పిండి ముద్ద చేసి, బల్లంతా పొడిపిండి చల్లి, మందంగా పరిచి, ఎనామిల్ మగ్గు అంచుతో గుండ్రంగా కోసి ఓవెన్లో పెట్టేది. పండగకని కాదు, మనకి జంతికలెలాగో వాళ్ళకదలాగ. ఎండాకాలంలో దాన్ని మధ్యకి చీల్చి అవకాడో కూరి ఇస్తే వెనక మెట్ల మీద కూర్చుని తినేదాన్ని. చేతులు గౌనుకి రాసుకుంటే, "అది గౌనా, తువ్వాలా మిస్సీ?" అని ఇంగ్లిషులో దెప్పేది.

మా చర్చిలో ప్రేమవిందు రోజున ఎవరేం తెచ్చారో పాస్టరుగారు పేరుపేరునా చెప్పి, వండిన చేతుల కోసం ప్రార్థన చేస్తారు. అమ్మకి వంట రాదని అందరికీ తెలుసు, అందరూ అనుకుంటారని అమ్మకీ తెలుసు. ఒక ఈస్టరుకి డోలరెస్ ఆంటీ పళ్ళెం నిండా బుల్లా చేసి, ఊదారంగు టోపీ పెట్టుకుని మాతోనే వచ్చింది. పాస్టరుగారు పళ్ళెం చూసి అడిగితే అమ్మ తెలుగులో చెప్పింది.

"బెల్లం రొట్టెండీ. మా అమ్మ నేర్పింది."

ఆ చేతుల్ని దీవించమని ఆయన ప్రార్థించారు. అమ్మ తల వంచుకుంది. తెలుగు రాని డోలరెస్ ఆంటీ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది, ఆయన ఏమన్నారని అమ్మనే అడిగింది. భోజనానికి కృతజ్ఞతలు చెప్పారంది అమ్మ.

నేను ఆ పక్కనే ఉన్నాను. నాకు రెండు భాషలూ వచ్చు.

మర్నాడు పొద్దున్నే అమ్మ నా మెడలో ఇంటి తాళంచెవి వేసింది. "ఇకనుంచి తిన్నగా పైకి రా. కింద ఆగకు." కారణం చెప్పలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కింద తలుపు సందుల్లోంచి అల్లం వాసన వస్తుంటే పైకెక్కి, ఒక్కదాన్నే చల్లటి సీరియల్ తినేదాన్ని. ఒకరోజు మెట్ల మీద డోలరెస్ ఆంటీ ఎదురై, "నేనేం తప్పు చేశాను మిస్సీ?" అంది. నేను మెడలో తాళంచెవి పట్టుకుని పైకెక్కేశాను. ఆ ఏడే ఆవిడ ఇల్లు మారిపోయింది.

చర్చివాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేసరికి, అమ్మ చూసిన గుర్తుతో చెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడందులో చెరకుపాకం లేదు, బెల్లం. అవకాడో ఊసే లేదు. మేమున్న ఆ ఇల్లు కూలగొట్టి కార్లు నిలుపుతున్నారు. ఇప్పటికైనా ఆవిడ పేరు చెప్పమంటే, అందరూ ఇష్టంగా తింటున్నారుగా, ఇప్పుడెందుకే అంటుంది అమ్మ.

సరే, రొట్టె నీదే అనుకో. నేను నోరు జారతానని భయమైతే, చెప్పొద్దని ఒక్క మాట అంటే సరిపోయేది కదమ్మా, మనిషినే నా దగ్గర్నుంచి ఎందుకు తీసేశావు?