ఎదుటి జట్టు వచ్చేదాకా

నా చిన్నప్పుడు ఆనేకల్‌లో మా వీధి మగ్గాల చప్పుడు ఆదివారం కూడా ఆగేది కాదు. ఒక్క ఏడాది మాత్రం, ఫుట్‌బాల్ ఆట ఉందంటే చాలు, మధ్యాహ్నానికల్లా వీధి అంతా నిశ్శబ్దమైపోయేది. మా ఊరి చిన్న క్లబ్బు జిల్లా లీగ్‌లో గెలుస్తూ వచ్చిన ఏడాది అది.

ఆ క్లబ్బు పెట్టింది మా తాత. వయసులో ఉండగా బెంగళూరు కంటోన్మెంటుకు, దండు ప్రాంతానికి నేతపనికి వెళ్ళి, సాయంత్రాలు సిపాయిలు ఆడుతుంటే చూసి ఆట నేర్చుకున్నాడట. తిరిగొచ్చాక మా వీధి కుర్రాళ్ళను పోగుచేసి ఊరి బయట బీడులో ఆడించడం మొదలుపెట్టాడు. గోలుకు కట్టే వల కూడా నూలుతాడుతో తనే అల్లాడు. జట్టుకు కెప్టెన్ మా చిన్నాన్న. రోజంతా గుంటమగ్గంలో కాళ్ళు ఆడించేవాళ్ళు కాబట్టి బయటి జట్లు వాళ్ళను 'మగ్గం కాళ్ళోళ్ళు' అని ఎగతాళి చేసేవి. ఆ ఏడాది ఆ కాళ్ళే పరుగెత్తడంలో ఎవరికీ అందలేదు.

మొదలు మాత్రం బాగాలేదు. మొదటి ఆటకు బెంగళూరు వెళుతుంటే దారిలో బస్సు చెడిపోయింది. వీళ్ళు చేరేసరికి గడువు దాటిందని ఎదుటి జట్టుకు గెలుపు ఇచ్చేశారు. చిన్నాన్న మడత కూడా నలగని బనియనుతో ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.  తాత గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆయన వైపే చూశాడు.

తర్వాత మాత్రం వరసగా గెలిచారు. ఫుట్‌బాల్ అంటే పని ఎగ్గొట్టే సాకు అని తిట్టే మా అవ్వ కూడా, ఆట నుంచి ఎవరైనా తిరిగొస్తే ముందు "ఎన్ని గోళ్ళు కొట్టినారప్పా" అని అడిగి, ఆ తర్వాతే మంచినీళ్ళు ఇచ్చేది. చివరి ఆట మా బీడులోనే పెట్టారు. అందులో ఓడకుండా ఉంటే చాలు, పై డివిజన్‌కు వెళ్ళిపోతాం.

ఆ మధ్యాహ్నం పెద్ద వాన కురిసి వెలిసింది. ఊరు ఊరంతా బీడు చుట్టూ నిలబడింది. ఎదుటి జట్టు మాత్రం రాలేదు. వాళ్ళు వైట్‌ఫీల్డ్ అవతలి నుంచి రావాలి. దారిలో వంక పొంగి వాళ్ళ బస్సు ఆగిపోయిందనీ, నడిచి వస్తున్నారనీ సైకిలు మీద వచ్చిన ఒకాయన చెప్పాడు. రెఫరీ కన్నడాయన, నిక్కచ్చి మనిషి. గ్రౌండు సిద్ధమైనప్పటి నుంచి అరగంట చూస్తాననీ, ఆలోపు రాకపోతే గెలుపు మీదేననీ అన్నాడు. మా వాళ్ళు అప్పుడే ఒకరినొకరు కావలించుకుంటున్నారు.

నేను గోలు వెనక నిలబడి ఉన్నాను. తాత అక్కడికి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, వలకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి వల మూల జారి కిందపడింది. తాత రెఫరీని కేకేసి పిలిచాడు.

"వల ఊడిపోయింది సార్. బాగు చేయకుండా గ్రౌండు సిద్ధమని ఎట్లంటారు?"

రెఫరీ వచ్చి చూసి, త్వరగా కట్టమని చెప్పి వెళ్ళాడు. తాత చతికిలబడి కట్టడం మొదలుపెట్టాడు. నన్ను పిలిచి తాడు కొస పట్టుకోమన్నాడు. తెగిన పోగును కన్నుమూసి తెరిచేలోగా అతికే చేతులు ఆయనవి. ఆ రోజు ఒక ముడి వేసి, రెండు విప్పుతున్నాడు.

"తాతా, నువ్వే విప్పుతా ఉండావు కదా" అన్నాను.

"అవునమ్మా. గట్టిగా అనాకు" అన్నాడు, తలెత్తకుండానే.

చిన్నాన్నకు సంగతి అర్థమైంది. ఆయన వచ్చి తాత పక్కన కూర్చున్నాడు. కోపంగా అడిగాడు.

"నాయనా, ఏం చేస్తా ఉండావు? ఆ పొద్దు మన కోసం ఎవురన్నా కాసుకున్నారా?"

"కాసుకోలేదు. నువ్వు ఇంటికి ఎట్లొచ్చినావో నేను చూసినా" అన్నాడు తాత. "ఇంకో నాయన గుమ్మంలో కూర్చుని అది చూడాల్నా?"

చిన్నాన్న లేచి వెళ్ళిపోయాడు.

చివరికి రెఫరీ మళ్ళీ వచ్చి మా నెత్తిమీద నిలబడ్డాడు. తాత వేళ్ళ వైపు కాసేపు చూసి "సాకు, అజ్జా" అన్నాడు. కన్నడంలో 'సాకు' అంటే చాలు అని, 'అజ్జా' అంటే తాతా అని. మా తెలుగులో ఏమిటో ఆయనకు తెలుసో లేదో గానీ, ఆ మాట రెండు భాషల్లోనూ అతికినట్టు సరిపోయింది. అరగంట లెక్క మొదలైంది. అది ఇక ముగుస్తుందనగా గట్టు మీద మనుషులు కనిపించారు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, పరుగులాంటి నడకతో వస్తున్నారు.

తాత వాళ్ళకు మజ్జిగా బొరుగులూ ఇప్పించాడు. వాళ్ళు తిన్నారు, ఆడారు, ముందుగా గోలు కూడా కొట్టారు. బీడు చుట్టూ ఉన్న తలలన్నీ తాత వైపు తిరిగాయి. ఎవరో "ముసలాయన కొంప ముంచినాడు" అన్నారు. సగం ఆట అయ్యాక చిన్నాన్న నీళ్ళు తాగడానికి వచ్చి కూడా ఆయన మొహం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తాత నా చేయి పట్టుకునే ఉన్నాడు. ఆ చేతికి చెమట పట్టింది. ఆయనకూ భయంగా ఉందని అప్పుడు తెలిసింది.

ఆట ముగియబోతుండగా మాకు కార్నర్ దొరికింది. గాలిలో వచ్చిన బంతిని చిన్నాన్న ఇద్దరి మధ్య నుంచి ఎగిరి తలతో కొట్టాడు. బంతి గోల్‌కీపర్ వేళ్ళకు తగిలి లోపల పడింది. కాసేపు ఎవరి కేక ఎవరికీ వినబడలేదు. ఇంకో గోలు ఎవరూ కొట్టలేకపోయారు. రెఫరీ విజిల్ వేశాడు. సమానంగా ముగిసిన ఆ ఆటతో మా క్లబ్బు పైకి వెళ్ళింది.

నడిచి వచ్చిన జట్టు కెప్టెన్ ముందుగా తాత దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. అతని వెనకే చిన్నాన్న వచ్చాడు, నుదుటి నిండా బురదతో.

"వాళ్ళు రాకుంటే ఈ గోలు యాడ కొట్టేవాణ్ణి నాయనా" అన్నాడు.  తాత కండువాతో కొడుకు నుదురు తుడిచాడు.

పెద్దయ్యాక నేను ఆ తాలూకాలోనే ఒక హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బడిలో ఏ పిల్లమీద ఫిర్యాదు వచ్చినా, ఆ పిల్ల వచ్చి నా ఎదుట నిలబడి తన మాట చెప్పేదాకా నేను నిర్ణయం తీసుకోలేదు. ఈ అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనూ అంతే. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళ కుర్చీ ఖాళీగా ఉంటే, ఇంకాసేపు చూద్దామంటాను. వాళ్ళు రారని మిగతావాళ్ళు విసుక్కుంటారు. నేను మాత్రం తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను. చాలాసార్లు వాళ్ళు వచ్చారు.