సందు లేని గద్దె

మొయినాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో పెద్ద చెట్లను చూసుకోవడం నా పని. ఎండు కొమ్మలు దించుతాను, బరువెక్కిన కొమ్మల గుబురును తేలిక చేస్తాను. వానలు పడేముందు ఏ చెట్టు నిలుస్తుందో ఏది నిలవదో చూసి చెబుతాను. చూడటం కాదు, చెప్పడమే కష్టం. ఈ పని నేర్పిన చేవెళ్ల పెద్దాయన నాచేత మూడేళ్లు తాళ్లు మోయించి, రోజుకోసారి ఒకటే మాట అనేవాడు: "మొదలు చుట్టు మన్ను పొయ్యకు. ఊపిరాడక బెరడు కుళ్లుతది." విని విని విసుగొచ్చేది.

కనకమామిడి దగ్గర ఒక తోటలో పాత వేపచెట్టు ఉండేది, దాని పక్కనే వాచ్‌మన్ గది. వాచ్‌మన్‌దీ అతని భార్యదీ సురంగల్. ఆమె ఆ చెట్టు మొదట్లో మూడు రాళ్లు పెట్టి, పసుపు పూసి, పోచమ్మ అని మొక్కేది. తోట యజమానికి అది ముచ్చటేసింది. వచ్చిన చుట్టాలు అక్కడ నిలబడి ఫొటోలు దిగుతున్నారు మరి. చుట్టూ గ్రానైట్ గద్దె కట్టించమన్నాడు. నేను గోడకూ మానుకూ మధ్య జానెడు సందు వదిలి కట్టించాను.

"గిదేంది? అండ్ల చెత్త పడ్తది. మన్ను నింపెయ్," అన్నాడు.

నింపేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. పెద్దాయన మాట చెవిలో మోగుతూనే ఉంది. కానీ ఆ సారు ఒక్క మాట చెబితే ఇంకో నాలుగు తోటల్లో పని దొరుకుతుంది. నోరు మూసుకున్నాను. ఆమె మాత్రం రాళ్లను గద్దె మీదికి ఎక్కించి, "అమ్మను మంచిగ కూసోబెట్టినవన్న," అని సంబరపడింది. ఆ రోజు వాళ్ల గదిలో చాయ్ తాగి వచ్చాను.

నాలుగో ఏడు ఆషాఢంలో, వానలు పట్టుకునేముందు, కొమ్మలు చూడటానికి వెళ్లాను. గద్దె మట్టి మానుకు తగిలేచోట గోధుమరంగు పుట్టగొడుగు ఒకటి, రొట్టెముక్కలా అతుక్కుని కనిపించింది. లోపల కుళ్లుంటేనే అది మొలుస్తుంది. సుత్తితో మాను కొట్టి చూశాను. బోలుగా మోగింది. గద్దె పగలగొట్టి మొదలు చూస్తే తప్ప ఏదీ తేలదు. గడ్డపార తీసుకునేసరికి ఆమె అడ్డం వచ్చింది.

"గద్దె పలగ్గొడ్తవా అన్న? శ్రావణంల బోనాలు అయినంక సూడు. ఇంక నెల గూడ లేదు."

బోనం ఎత్తకముందు అమ్మవారి చెట్టుకు ఇనుము తగలనివ్వదు ఆమె. ఆమె పట్టింపు అది. ఎందుకు పగలగొట్టాలో చెబితే వినేదే. చెప్పాలంటే తప్పని తెలిసే మట్టి నింపానని కూడా చెప్పాలి. నేను గడ్డపార పక్కన పెట్టాను. పెద్ద మర్యాదస్థుడిలా, "సరే చెల్లె, గది మీది కొమ్మన్న కొట్టనియ్యి," అన్నాను. ఆమె చెట్టుకు దండం పెట్టి, "జర తక్కువ కొట్టు," అంది. కొట్టాను. పోతూ పోతూ ఆ పుట్టగొడుగును చెప్పుకాలితో తన్నేశాను. సారుకు ఫోన్ చేసి ఏం ఫికర్ లేదన్నాను.

పదిహేను రోజులకు ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఐదో రోజు మధ్యాహ్నం ఆమె గేటు దగ్గర పాలవాడితో మాట్లాడుతోంది, ఆమె భర్త గదిలో అన్నం తింటున్నాడు. గాలి కూడా లేదు. చెట్టు మొత్తంగా గది మీదికి ఒరిగింది. నేను వెళ్లేసరికి అతన్ని దవాఖానకు తీసుకుపోయారు, కానీ బతికి లేడని అందరికీ తెలుసు. విరిగిన మొదలు గద్దె మట్టిలోంచి పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే చాయ్‌లో నానిన రస్కులా విడిపోయింది.

దినవారాలకు సురంగల్ వెళ్లాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"తప్పు నాదే అన్న. బోనం ఎత్తకముందే కొమ్మ కొట్టనిచ్చిన. అమ్మకు కోపమొచ్చింది. నా చేతులార నేనే..."

ఒక్క మాట చెబితే ఆమె నెత్తి మీది బరువు దిగేది. నాకు భయమేసింది, సిగ్గేసింది. "ఊకో చెల్లె," అని వచ్చేశాను. ఆ రెండు మాటలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మరుసటి ఏడు ఆమే కబురు పంపింది. పుట్టింటి వాకిట్లో వేపచెట్టు ఉంది, చిన్న గద్దె కట్టాలి, అమ్మను అక్కడ పెట్టుకుని తప్పు ఒప్పుకుంటానంది. వెళ్లి నా చేతులతోనే కట్టాను. మానుకూ గోడకూ మధ్య జానెడు సందు వదిలాను. ఆమె కొంగులో మూడు రాళ్లతో వచ్చి నిలబడింది.

"ఈ సందేంది అన్న? మన్ను నింపవా?"

"నింపొద్దు చెల్లె. నింపితె మొదలు కుళ్లుతది. చెట్టు పడ్తది."

అనేశాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆమె వంగి సందులోకి చూసింది. లేచి నా మొహం చూసింది.

"మరి ఆడ ఎందుకు నింపినవన్న?"

"సారు నింపుమన్నడు," అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఆమె రాళ్లు గద్దె మీద పెట్టకుండానే, కొంగు బిగించి పట్టుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.