వానను, ఎండను వాయించిన అక్క

పోయిన వారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "తమ్మీ, అక్క ఇగ లేదురా" అన్నాడు. ఏడాదిగా గుండె జబ్బుతో ఉన్న మా అక్క నిద్రలోనే వెళ్ళిపోయింది.

కరీంనగర్ పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే ఆమెగా మీలో కొందరు తనను చూసే ఉంటారు. అది బతుకుతెరువు. ఇష్టమైన పని వేరు. మనిషి నిలవలేని ఎండలోకి, వానలోకి వెళ్ళి, అక్కడి చప్పుళ్ళు రికార్డు చేసుకొచ్చి, కంప్యూటర్‌లో వాటితోనే ఎలక్ట్రానిక్ సంగీతం కట్టేది. తోడు నేను.

ఒక వానాకాలం ఉట్నూర్ దాటాక, అడవిలో జలపాతం ఉరుముతూ దూకుతోంది. ఉన్న ఒక్క గొడుగూ రికార్డరుకే పట్టించింది. నేను సణిగితే, "నువ్వు తడిస్తె ఆరుతవ్ రా. గిది తడిస్తె ఆరది" అంది.

మరో ఏడు మే నెలలో, మందమర్రి అవతల రాతిగుట్ట మీద బండకు మైకు అంటించి కూర్చుంది. చెప్పుల్లోంచి కాళ్ళు కాలుతున్నాయి. వేడికి రికార్డరు రెండుసార్లు ఆగిపోయింది. తలమీది తడి తువాల తీసి దానికి చుట్టింది.

"ఏం ఇనబడ్తలే అక్కా, పోదాం" అన్నాను.

హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది. లోపల బండ టిక్కుటిక్కుమంటోంది.

"ఎండకు రాయి పల్గుతుంది. జర మెల్లగ ఊపిరి ఇడువు" అంది.

వినడం అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

మేం బాపు అని పిలిచే మా నాన్నకు ఈ తిరుగుడు నచ్చేది కాదు. ఏళ్ళ తరబడి మరమగ్గాల మోతలో పనిచేసి ఆయన చెవులు దాదాపు పోయాయి. "అడవుల వడి తిరిగితె ఏమస్తది బిడ్డా?" అనేవాడు. అక్క పాట ఒక్కటీ ఆయన వినలేదు. ఆమె బాధ అదే.

జబ్బు చేశాక అడవులకు, గుట్టలకు వెళ్ళడం కుదరలేదు. అప్పుడు జలపాతం రికార్డింగు తీసి, అందులోని లోతైన దడను మాత్రమే ఉంచి ఒక పాట కట్టింది. స్పీకరును మా ఇంటికి తెచ్చి, బాపు పడుకునే చెక్కమంచం మీద పెట్టి, ఆయన అరచేతులు రెండూ పలకకు ఆనించింది.

బాపు ముఖం మారిపోయింది. "నీళ్ళు దుంకుతున్నయా బిడ్డా?"

అక్క తలూపింది.

"గింత పెద్దగనా!"

పాట అయిపోయినా చేతులు తీయలేదు. "మల్ల వెట్టు" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆ పూట అక్క కడుపునిండా అన్నం తిన్నది.

నిన్న పొద్దుగూకే వేళ బాపు నన్ను పిలిచి స్పీకరు వైపు చూపించాడు. దాన్ని చెక్కమంచం మీద ఉంచి పాట పెట్టాను. ఆయన మంచం మీద ఒత్తిగిలి, చెంప పలకకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తెల్లటి గడ్డం వెంట్రుకలు సన్నగా వణుకుతున్నాయి.