బుల్లిబాబుగారి పైకి చదువు

కంటికి కనిపించిన అక్షరాన్ని నోటితో పైకి చదవనిదే బుల్లిబాబుగారికి ఊపిరాడదు. మణికొండ నుంచి హైటెక్ సిటీ స్టేషన్‌కు ఆటోలో వచ్చేలోపే ఆయన పదకొండు టిఫిన్ సెంటర్లు, నాలుగు హాస్టళ్లు, ఒక పళ్ల డాక్టర్ని చదివేశారు. "ఇచ్చట పంచర్లు వేయబడును!" అని ఎంత గంభీరంగా చదివారంటే, ఆటో డ్రైవర్ కంగారుగా బండి ఆపి టైర్లు తడిమి చూసుకున్నాడు.

పక్కనున్న మేనకోడలు కిరణ్మయి తల దించుకుంది. ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మావయ్య ఇంతవరకు సాలార్‌జంగ్ మ్యూజియం చూడలేదంటే, శనివారం సెలవు కదా అని బయల్దేరదీసింది.

లోకల్ రైలెక్కగానే ఆయన, "తలుపు వద్ద నిలబడరాదు!" అన్నారు. తలుపు దగ్గరున్న నలుగురూ గబగబా లోపలికొచ్చారు. తనిఖీ అధికారి అనుకుని ఒకాయన టికెట్ కూడా చూపించాడు.

"నాకెందుకండీ?" అని ఆశ్చర్యపోయి, "హైటెక్ సిటీ నుంచి హైదరాబాద్" అని దాన్నీ చదివి ఇచ్చేశారు. దారిపొడవునా ఏ స్టేషనూ ఆయన నోటబడకుండా పోలేదు.

మ్యూజియంలో బొమ్మ బయటికొచ్చి గడియారం గంట కొట్టే సమయానికి జనమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే, "నిశ్శబ్దం పాటించండి!" అని బుల్లిబాబుగారు గట్టిగా చదివారు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో గంట ఎవరికీ వినబడలేదు.

బయటికొచ్చాక కిరణ్మయి ఆగలేకపోయింది. "మనసులో చదువుకోలేరా మావయ్యా? తలెత్తుకోలేకపోతున్నాను!"

"అలాగేనమ్మా," అన్నారాయన, చిన్న గొంతుతో.

ఆ తర్వాత ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. సాయంత్రం నాంపల్లిలోని హైదరాబాద్ స్టేషన్ నిండా బోర్డులే ఉన్నా ఒక్కటీ బయటికి రాలేదు. కోరుకున్న నిశ్శబ్దమే దొరికినా, కిరణ్మయికి మనసు చివుక్కుమంది.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. ఎదురుగా హౌస్‌కీపింగ్ వాళ్ల నీలం కోటు వేసుకున్న ఒకావిడ కూర్చుంది. స్టేషన్ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బోర్డు వంక చూస్తోంది. "హైటెక్ సిటీ..." అని పక్కవాళ్లను ఏదో అడగబోయి నోరు మూసుకుంటోంది. బుల్లిబాబుగారు ఆమెను చూశారు, మేనకోడల్ని చూశారు. బోరబండలో రైలు ఆగగానే ఆమె సంచి పట్టుకుని తలుపు వైపు పరుగెత్తింది.

"బోరబండ!" అని అరిచారాయన, బయటికి చూస్తూ. "ఇది బోరబండ! దీని తర్వాతదే హైటెక్ సిటీ!"

ఆమె టక్కున ఆగి వెనక్కొచ్చింది.

"పొద్దుగాల డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే గూడ మీరే సదివిండ్రు సారూ. గందుకే మీ ఎనకనే గీ డబ్బ ఎక్కిన. మీరు సప్పుడు జేస్తలేరని జర పరేషానైన. కొత్త నౌకరీ, రాత్రి డ్యూటీ, ఇయ్యాల ఆలస్యమైతే తీసేస్తరు."

ఆమె పేరు నర్సమ్మ. కిరణ్మయి ఆమె సంచి అందుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"నేను పనిచేసిన రిజిస్ట్రేషన్ ఆఫీసులో బోర్డుల కింద జనం అలా నిలబడిపోయేవారమ్మా," అన్నారాయన మేనకోడలి చెవిలో. "చదవడం రాదని చెప్పాలంటే సిగ్గు. ఎవరైనా చదివిపెడతానంటే మరీ సిగ్గు. అందుకని నాలో నేను చదువుకుంటున్నట్టు పైకి చదివేవాణ్ణి. కావలసినవాళ్లు వినేవారు."

"మరి పొద్దున ఆటోలో మనిద్దరమే కదా మావయ్యా?"

"అదా..." బుర్ర గోక్కున్నారు. "జబ్బు ముదిరిందమ్మా."

హైటెక్ సిటీలో దిగారు. నర్సమ్మ జనం రద్దీలో ఎటు పోవాలో తెలియక ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది. బుల్లిబాబుగారు గొంతు సవరించుకునేలోగా, "బయటికి పోవు దారి, ఎడమవైపు!" అని ఎవరో ఖంగుమని చదివారు.

కిరణ్మయే. నర్సమ్మ గబగబా ఎడమవైపు నడిచింది.

పక్క పెట్టెలోంచి దిగిన ఆఫీసు స్నేహితుడు రవికిరణ్ బిత్తరపోయాడు. "ఎవరికి చదువుతున్నావ్?"

"నాకే," అంది కిరణ్మయి. అంటూనే ఇంకో బోర్డు కోసం చుట్టూ చూసింది.