బొంత కింద రీలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా ఒకటుందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. కోరుట్ల నుంచి రోజూ బస్సులో జగిత్యాల పోయి బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను మరి. చింతపండుతో తోమితే రాగి చెంబు ఎందుకు మెరుస్తుందో చెప్పి ఇంట్లో అందరి ప్రాణం తీసేదాన్ని. ఆ ఎండాకాలం మా బాపు, అంటే నాన్న, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. (వచ్చే ముందు జుట్టుకూ మీసానికీ నల్లరంగు వేసుకోవడం ఆయన అలవాటు. తల్లి కంటికి వయసు కనబడొద్దని.) ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ బాపు పాత రీలు కెమెరాతో తీసినవే. తీసేది ఎప్పుడూ ఆయనే కనుక, ఆయనా, ఆయన తల్లి మా బాపమ్మా కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. సెల్‌ఫోన్‌లో దిగమంటే బాపమ్మ వినదు. "ఫోను పోతే దాంట్ల మనిషి సుత పోతది" అంటుంది. అందుకని ఆన్‌లైన్‌లో ఒక కలర్ రీలు తెప్పించి, మొదటి ఫోటో వాళ్లిద్దరిదే తీశాను. తీరా స్టూడియోకు పోతే, "రీలు కడుగుడు ఎప్పుడో బందువెట్టినమమ్మా" అన్నాడతను. బాపు వెళ్లే రోజు దగ్గర పడుతోంది. "నేను కడుగుతా" అన్నాను, అదేదో అంట్లగిన్నె అయినట్టు.

రీలు కడిగే మందుల పొడులు తెప్పించాను. కలర్ రీలుతో తంటా వేడి దగ్గరే. మందు ముప్పై ఎనిమిది డిగ్రీలుండాలి, తప్పితే రంగులు చెడిపోయి మనుషులు కామెర్లు వచ్చినట్టు కనిపిస్తారు. చల్లటి దేశాల వాళ్లు నీళ్లు కాచుకుంటారట. మా మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు మే నెలలో చెయ్యి పెడితే కాలేవి. అందుకని మందు కలిపిన సీసాలను కూలర్ నీళ్లలో దించాను. ఒక మూత వదులైనట్టుంది, కూలర్ ఆ పులుపు కంపును ఇల్లంతా పంచిపెట్టింది. "పిల్లి గిన సచ్చిందానే?" అని అమ్మ మంచాల కింద వెతికింది. వేడి చూడటానికి జ్వరం చూసే థర్మామీటరే దిక్కయింది. (దాన్ని మళ్లీ ఎవరి నోట్లోనూ పెట్టలేదు.)

ఇక రీలును చక్రానికి చుట్టి డబ్బాలో పెట్టి మూసేదాకా చీకటి కావాలి. రాత్రిదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? బాపమ్మ కుట్టిన బొంతలు మూడు కప్పుకుని మంచం మీద కూర్చున్నాను. చెమటకు రీలు వేళ్లకు అతుక్కుంటోంది. బయట బాపమ్మ కావలి.

"ఊపిరాడుతుందా బిడ్డా?"

"ఆడుతుంది. నువ్వు ముట్టకు!"

చుట్టడం అయ్యే సమయానికి నేను పనిలో పడి పలకడం మానేశాను. బాపమ్మ భయపడింది. బొంత కొస లేచింది, పగటి వెలుతురుతో పాటు ఒక గ్లాసు లోపలికి వచ్చింది.

"గింత సల్ల తాగు బిడ్డా. గీ ఉడుకుల సస్తవు."

నేను పెట్టిన కేకకు బాపు పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని, "పోతే పోనీ తియ్యి" అన్నాడు గానీ ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే డబ్బా మూసి, మందులు వరసగా పోశాను.

తీసి చూస్తే రీలు చాలామటుకు బొగ్గే. వెలుగు తగలని లోపలి చుట్టులో మాత్రం మొదటి ఫోటో నారింజ రంగులో నిలిచి ఉంది. బాపు దాన్ని కిటికీకి ఎదురుగా పట్టాడు. నెగటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారు కదా, బాపమ్మ ముగ్గుబుట్ట తల నల్లగా నిగనిగలాడుతోంది. పక్కన బాపు జుట్టూ మీసమూ తెల్లగా ఉన్నాయి.

"నా పక్కన గీ ముసలోడెవడే?" అంది బాపమ్మ.

"నీ కొడుకే బాపమ్మా."

మేమంతా పడి పడి నవ్వాం. ఆమె నవ్వలేదు. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నడు. నా కొడుకు ముసలోడైతె ఎట్లుంటడో సూడకుంటనే పోత అనుకున్న. సూసిన."

నా కోసం తెచ్చిన చల్లను బాపు తనే గటగటా తాగేశాడు.

తర్వాత దాన్ని ప్రింటు కూడా వేయించాం. నేనిప్పుడు సిరిసిల్లలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను, తెలియనివి చాలానే ఉన్నాయని ఒప్పుకుంటూ. బాపమ్మ లేదు. బాపు దుబాయి మానుకుని ఇంటికి వచ్చేశాడు, రంగు వెయ్యడమూ మానేశాడు. నేను కోరుట్ల పోయినప్పుడల్లా అద్దంలో చూసుకుంటూ, "ముసలోన్నైతినా బిడ్డా?" అని అడుగుతాడు.

"మంచిగనే ఉన్నవు బాపూ" అంటాను. "బాపమ్మ చూసినట్టే ఉన్నవు."