చేగోడీ పిండితో చేసిన గుండె

...అందుకే నిన్న రాయడం అక్కడితో ఆపేశాను. ఊరెళ్లిన మా బయాలజీ మిస్ అక్కడే పోయారని నాన్న వంటింటి గుమ్మంలో గొంతు తగ్గించి చెప్పారు. వెంటనే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మకి సెప్పకు. కడుపుతో ఉన్న మనిషి. బెదిరిందంటే లోపల బిడ్డకి ఏటవుద్దో!"

అమ్మకి ఇప్పుడు ఏడో నెల. కాబట్టి మా ఇంట్లో మిస్ కోసం ఎవరూ ఏడవకూడదు. నేనిలా తలుపేసుకుని రాసుకుంటున్నాను.

మిస్ ఇక్కడ అగ్రికోలో, ఈ ఉక్కు కార్ఖానా కాలనీలో, మా పక్క క్వార్టర్లోనే ఉండేవారు. టీ సాసర్లో పోసుకుని, అది చల్లారిపోయేదాకా కబుర్లు చెప్పేవారు. స్కూల్లో ఇంగ్లీషు, బజార్లో హిందీ, మా ఇంట్లో మాత్రం అచ్చం శ్రీకాకుళం.

నా గుండెలో పుట్టుకతోనే చిన్న చిల్లు ఉంది. క్లాసులో ఎవరికీ తెలియదు. తెలియడం నాకిష్టం లేదు. మిస్‌కి తెలుసు. ల్యాబ్‌కి మేడ ఎక్కేటప్పుడు ఆవిడ సగం మెట్ల మీద ఆగి, వంగి చెప్పు సరిచేసుకునేవారు. వెనకాల అందరం ఆగేవాళ్లం. నాకు ఊపిరి అందేది. ఆ చెప్పులకి సరిచేసుకోవడానికి పట్టీయే లేదని చాన్నాళ్లకి గమనించాను.

నా చిల్లుకి కారణం అమ్మేనని నాయనమ్మ నమ్మకం. నేను కడుపులో ఉండగా ఓ సాయంత్రం కార్ఖానాలో స్లాగ్, అంటే కరిగిన ఇనుప చిట్టెం, ఒంపుతుంటే ఎర్రబడ్డ ఆకాశం చూసి అమ్మ ఉలిక్కిపడిందట. అమ్మ కూడా అదే నమ్మింది. ఈసారి నెల తప్పాక చీకటి పడకముందే కిటికీలన్నీ మూసేసేది.

ఒకరోజు అమ్మ చేగోడీలు చేస్తుంటే మిస్ వచ్చారు. మూసిన కిటికీల సంగతి విని, "అప్పుడు ఎన్నో నెల్లో చూసేవమ్మాయ్?" అని అడిగారు.

"ఏడో నెలండి."

మిస్ కాస్త పిండి తీసుకుని పీట మీద పొడుగ్గా తాల్చారు. "బిడ్డ గుండె మొదట ఇలాటి గొట్టమే. పొడుగవుద్ది, చోటు చాలక ఇలా వంగుద్ది. తర్వాత లోపల గోడలు లేత్తాయి, నాలుగు గదులవుతాయి. మీ పిల్లకి ఓ గోడ చివరంటా అందలేదు, అంతే. ఇదంతా రెండు నెలలు నిండేసరికి అయిపోద్ది. నువ్వు ఆకాశం చూసిందెప్పుడు? గోడ కట్టేసి తాపీవోళ్లు ఇళ్లకెళ్లిపోయాక!"

"ఏటి టీచరమ్మా, మనిషి గుండెని నూనెలో ఏపేత్తావా?" అంది నాయనమ్మ.

"ముందు ఉప్పు చూడండి పిన్నిగారూ, చాల్లేదు."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే, "మరి ఆ గోడెందుకు అందలేదండి?" అంది.

"తెలీదమ్మా. చాలాసార్లు డాక్టర్లకీ తెలీదు. తెలీనిదానికి తల్లి మీద నేరం మోపకూడదు."

ఆ సాయంత్రం కిటికీ అమ్మే తీసింది.

అప్పటి నుంచి క్లాసులో గుండె బొమ్మ గీస్తుంటే నేను తల దించుకోవడం మానేశాను. ఆవిడ నాకిచ్చిన వాటిలో అదొకటి.

మిస్ చెప్పినదాని ప్రకారం అమ్మకి ఇప్పుడు నిజం చెప్పొచ్చు. లోపలున్న బిడ్డకి గుండె ఎప్పుడో తయారైపోయింది. అది నాకు తెలుసు. అయినా భయమేస్తోంది. పొద్దున్న అమ్మ "మీ మిస్ ఎప్పుడొత్తారే?" అంటే నీళ్లు తాగుతున్నట్టు గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

ఎవరో తలుపు కొడుతున్నారు. అమ్మ.

"తలుపు తియ్యే. మీ మిస్ సంగతి నాకు తెలిసిపోయిందిలే. నాన్నే సెప్పేసేరు. నాకేటీ అవలేదు. నువ్వొక్కదానివే ఏడవకు, ఇద్దరం కూచుందాం."

గొంతు మామూలుగానే ఉంది. తలుపు కింది సందులోంచి అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి, కదలకుండా. ఈ కాగితాలు పరుపు కిందికి. వస్తున్నానమ్మా.