పారాషూట్‌కు నేను చేసిన రఫూ

ఆ రోజుల్లో నాకు నిలబడి కలలు కనే విద్య ఒకటి అబ్బింది. పడుకున్నప్పుడు అందరూ కంటారు. నేను బస్సులో కడ్డీ పట్టుకుని, నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందె చంకన పెట్టుకుని, ఎదుటివాళ్ళ మాటలకు తలాడిస్తూ కూడా కనగలిగేదాన్ని. సూరత్‌లో, ఉన్ బస్తీలో మా గదికి అటూ ఇటూ మగ్గాల షెడ్లే. ఆ టకటకల మధ్య పెరిగిన పిల్ల మనసు ఎటైనా ఎగిరిపోతే ఆశ్చర్యమేముంది? (ఇది నేను చెప్పుకునే సాకు. అమ్మ ఆ జబ్బుకు వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను.) ఇంటర్ అయ్యాక అమ్మ పక్కన కూర్చుని చీరలకు మెరిసే రాళ్ళు అంటించేదాన్ని. ఒకసారి కలలో పడి పూలతీగను అంచు దాటించి కొంగు మధ్యదాకా పాకించాను. పని ఇచ్చే సేఠ్ ఆ చీరను తిప్పి పంపుతూ దానితోపాటు నా గురించి నాలుగు మాటలు కూడా పంపాడు.

అప్పుడే బాపు ఒక కబురు మోసుకొచ్చాడు. బాపు అంటే మా నాన్న, సిరిసిల్ల నుంచి వచ్చి పవర్‌లూమ్ మీదే బతుకంతా గడిపిన మనిషి. సూరత్ పక్కనే కడోదరాలో పారాషూట్లు బాగుచేసే షెడ్డు ఉందట, ఆడపిల్లలకు కూడా పని నేర్పుతారట, చివర్లో పరీక్ష పెట్టి పాసైనవాళ్ళకు అక్కడే ఉద్యోగం ఇస్తారట. పాసవకపోతే నాకు మళ్ళీ చీరలూ రాళ్ళే. ఆకాశానికి సంబంధించిన ఉద్యోగం అనగానే నేను సగం పైకి లేచిపోయాను.

మాకు పని నేర్పే మాస్టారు వైమానిక దళంలో ఇదే పని చేసి రిటైరైన కాకినాడ మనిషి. మొదటిరోజు పెద్ద ఫ్యాను పెట్టి ఒక నారింజరంగు పారాషూట్‌ను గాలితో నింపి, లోపలికి వెళ్ళి చినుగులు వెతకమన్నారు. వెళ్ళాను. కప్పు మీది అద్దపు రేకుల్లోంచి వచ్చే ఎండ ఆ గుడ్డలోంచి జారి మా చేతుల మీదా జుట్టు మీదా పడుతోంది. మాగిన మామిడిపండు లోపల నిలబడినట్టుంది. మిగతావాళ్ళు చినుగులు గుర్తుపెట్టి బయటికి వెళ్ళిపోయారు. నేను మాత్రం మా ఊరి తాపీ నది మీద తేలుతున్నాను. కింద పడవలు, వంతెనలు, మా డాబా మీద ఆరేసిన బట్టలు అన్నీ కనిపిస్తున్నాయి. ఇంతలో ఫ్యాను ఆపేశారు. గుడ్డంతా మెత్తగా వచ్చి నా నెత్తిన వాలింది. "అమ్మాయ్, దిగావా, ఇంకా టైముందా?" అని మాస్టారు బయటినుంచి అడిగారు. నాకు అంత హాయిగా అనిపించిన చీవాట్లు మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

పరీక్షకు నాకు అదే నారింజ పారాషూట్ వచ్చింది. బొటనవేలి గోరంత రంధ్రం. దానిమీద పెద్ద ముక్క వేసి, వేరే రంగు దారంతో, దూరానికి కూడా తెలిసేలా కుట్టాలని మాస్టారు చెప్పారట. (ఆ మాట చెప్పినప్పుడు నేను తాపీ నది మీద ఎక్కడో ఉన్నాను.) నేను మా ఇంట్లో నేర్చిన రఫూ చేశాను. అదే రకం పాత గుడ్డలోంచి పోగులు లాగి, పడుగులో పడుగు, పేకలో పేక కలుపుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మా ఇళ్ళలో అతుకు కనబడితే పరువు పోయినట్టే. ఆ పూట నా మనసు ఎటూ వెళ్ళలేదు, ఆ గోరంత చోటులోనే తిరిగింది.

సాయంత్రం మాస్టారు బల్ల మీద గుడ్డ పరిచి చుట్టూ నడిచారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నడిచారు. ఎక్కడ కుట్టావో చూపించమన్నారు. నేను ధీమాగా వెళ్ళి వేలు పెట్టబోయాను. వేలు అలా గాల్లోనే ఉండిపోయింది. నాకూ దొరకలేదు. ఫ్యాను పెట్టి నింపి అందరం లోపలికి దూరి వెతికాం. ఫలితం తెలుసుకోవడానికి గేటు దగ్గర నిలబడ్డ బాపును కూడా పిలిచారు. బాపు అరచేతులతో గుడ్డంతా తడిమి, ముఖం వెలిగిపోతుండగా లేచాడు.

"సార్, ఇన్నేండ్ల సంది మగ్గం మీదున్న. నాకే దొరుకుతలేదు" అన్నాడు, ఇక నన్ను పాస్ చేయడమే తరువాయి అన్నట్టు.

"అదేనండీ ఇబ్బంది" అన్నారు మాస్టారు మెల్లగా. "చీరకైతే దాచాలి. దీన్ని నమ్ముకుని ఒక మనిషి గాల్లోకి వెళ్తాడు. కనపడని కుట్టు గట్టిదో కాదో నేనెలా చూడను?"

బాపు ముఖంలో వెలుగు తగ్గింది. "గాలిలకు పోయెటోని పానం సంగతి మేం సోంచాయించలే సార్" అన్నాడు.

నేను ఫెయిలయ్యాను. బస్సులో వచ్చినంతసేపూ ఏడ్చాను. ఓదార్చాల్సిన బాపు కిటికీలోంచి చూస్తూ, "అయినా ఒక్కలకన్న దొరకలే గదనే" అని మధ్యమధ్యలో మురిసిపోయాడు. తర్వాతి జట్టుతోపాటు మాస్టారు నన్ను మళ్ళీ పరీక్షకు కూర్చోబెట్టారు. ఈసారి ఇంకో నారింజ గుడ్డ మీద నల్లదారంతో, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా కనబడేలా పెద్ద ముక్క కుట్టి పాసయ్యాను. బాపు ఆ నల్ల కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. "పాసైనవ్, మంచిదే. గని గిట్ల కుట్టినవని మనోళ్ళకు చెప్పకు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు మాస్టారి కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కుట్టు కనపడాలి అని కొత్త పిల్లలకు రోజూ చెబుతాను, ఎవరైనా తలాడిస్తూ దూరంగా చూస్తుంటే ఇంకోసారి చెబుతాను. నా కుట్టు దొరకక ఎగరడానికి పనికిరాదన్న ఆ మొదటి నారింజ గుడ్డను మా షెడ్డు హాలు కప్పు కింద వేలాడదీశారు. దానికిందే అన్నం తింటాం. ఫ్యాన్ల గాలికి అది మెల్లగా ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. తిన్నాక వెనక్కి వాలి చూస్తుంటాను. నా రఫూ ఒకరోజు ఆ మూల ఉందనిపిస్తుంది, మర్నాడు ఈ మూల. నా చేతులకు అంత బాగా కుదిరిన పని మళ్ళీ లేదు, కుట్టాక దాన్ని నేను కూడా మళ్ళీ చూడలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి వెతుకుదామని ఒక్కోసారి అనుకుంటాను. దొరికితే దాన్ని కుట్టిన ఆనాటి పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఊరుకుంటాను.